ఆక్స్ లేని పాత కారు స్టీరియోకి మ్యూజిక్ ప్లేయర్ కలపడం ఎలా?

వెనకసీటు:
కారులో ఉన్నది క్యాసెట్, ఎఫ్ఎం మాత్రమే ఉన్న పాత స్టీరియో. ముందువైపు ఆక్స్ (బయటి ప్లేయర్ తీగ తగిలించే సాకెట్) గానీ యూఎస్‌బీ గానీ లేవు. వెనక సీడీ ఛేంజర్ (చాలా సీడీలు పట్టే విడి పెట్టె) కోసం ఇచ్చిన సాకెట్ ఖాళీగా ఉంది. నా ప్లేయర్‌కి ఉన్నది 3.5 మి.మీ. హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే. ఇప్పటికి ప్లేయర్ పాటని కారు రేడియోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌తో నెట్టుకొస్తున్నాను కానీ కొంత దూరం వెళ్లేసరికి ఏదో ఒక స్టేషన్ వచ్చి పాట మీద పడుతోంది, 'స' అక్షరం వచ్చినప్పుడల్లా గరగర. స్టీరియో మార్చకుండా ఇంతకంటే మెరుగైన దారి ఏదైనా ఉందా?

రీలుచక్రం:
క్యాసెట్ డెక్ బాగా తిరుగుతుంటే క్యాసెట్ అడాప్టర్ (తీగతో ప్లేయర్‌కి తగిలించి, డెక్‌లో పెట్టే క్యాసెట్ ఆకారపు పరికరం) తీసుకోండి. ఫ్రీక్వెన్సీ వెతికే బాధ ఉండదు. పెట్టేముందు డెక్ హెడ్‌ని (టేపుని చదివే భాగం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. హెడ్ మీద పాత టేపుల మడ్డి ఉంటే అడాప్టర్ ఎంత మంచిదైనా పాట దుప్పటి కప్పినట్టే వినిపిస్తుంది. స్టీరియోకి డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) బటన్ ఉంటే ఆపేయండి. డాల్బీలో రికార్డు చేయని శబ్దాన్ని దాని గుండా పంపితే పై స్థాయి స్వరాలు అణిగిపోతాయి.

ఆటో రివర్స్ డెక్‌లతో ఒక పేచీ ఉంది. రీలు తిరగడం లేదని అనిపిస్తే డెక్ టేపు అయిపోయిందనుకుని వైపు మారుస్తుంది, లేదా క్యాసెట్‌ని బయటికి తోసేస్తుంది. అడాప్టర్ లోపల ప్లాస్టిక్ పళ్లచక్రాలు ఉండేది అందుకే. అవి అరిగినా ఇరుక్కున్నా టక్ టక్‌మంటూ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. ఒక వైపు స్పీకరే తక్కువగా పలుకుతుంటే అడాప్టర్ హెడ్, డెక్ హెడ్ ఎదురెదురుగా సరిగ్గా ఆనలేదని అర్థం. తీసి మళ్లీ పెట్టండి. ప్లేయర్ వాల్యూమ్ 60 శాతంతో మొదలుపెట్టి, బేస్ దగ్గర బర్రుమనే వరకు పెంచి, అక్కడి నుంచి కాస్త తగ్గించండి.

ట్రాన్స్‌మిటరే వాడతానంటే, రేడియోలో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే చాలదు. దానికి 0.2 మెగాహెర్ట్జ్ అటూ ఇటూ కూడా ఖాళీగా ఉండాలి. ఆ 'స' గరగర స్టేషన్ వల్ల కాకపోవచ్చు. ప్లేయర్ వాల్యూమ్ ఎక్కువై ట్రాన్స్‌మిటర్ తట్టుకోలేకపోతే కూడా అలాగే అవుతుంది. ముందు వాల్యూమ్ తగ్గించి చూడండి.

పిన్నులలెక్క:
ఛేంజర్ సాకెట్ చేతిలో ఉండగా క్యాసెట్ ఎందుకండీ? శబ్దం విషయంలో ఈ మూడింటిలో అదే పైమెట్టు. చిక్కల్లా ఒకటే: ఛేంజర్ తగిలించి ఉందని స్టీరియో నమ్మితే తప్ప ఆ ఇన్‌పుట్ తెరుచుకోదు. డేటా పిన్ను మీద రెండూ మాట్లాడుకుంటాయి. అందుకే చాలా స్టీరియోలకు ఉత్త ఆడియో వైరు పనిచేయదు, ఛేంజర్‌లా నటించే అడాప్టర్ కావాలి. కొన్నింటిలో మాత్రం సెట్టింగుల్లోనే ఆక్స్ ఆన్ చేసుకునే వీలుంటుంది, ముందు అది చూడండి.

అడాప్టర్ కొనేటప్పుడు కారు మోడల్ కాదు, స్టీరియో మీద ఉన్న మోడల్ నంబరు చెప్పండి. ఐఎస్ఓ రకం (కారు స్టీరియోల ప్రామాణిక) సాకెట్లలో సి భాగం మూడు ముక్కలుగా ఉంటుంది, అందులో నీలం రంగు సి3 ఛేంజర్‌ది. అయితే ప్లగ్ ఆకారం సరిపోయినంత మాత్రాన పిన్నుల వరస సరిపోయినట్టు కాదు. ఛేంజర్‌కి కరెంటు ఇచ్చే 12 వోల్టుల పిన్ను కూడా అక్కడే ఉంటుంది. మల్టీమీటర్ నల్ల తీగ కారు బాడీకి ఆనించి ఒక్కో పిన్ను కొలిచి, 12 చూపించిన దాన్ని గుర్తు పెట్టుకోండి. అది ఆడియో తీగకు తగిలితే ప్లేయర్ పని అయిపోయినట్టే. వైర్లు కలిపే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి. దానికంటే ముందు స్టీరియో సెక్యూరిటీ కోడ్ దగ్గరుందో లేదో చూసుకోండి. కరెంటు పోయి వచ్చాక కోడ్ అడిగే సెట్లు చాలా ఉన్నాయి.

ఇంకో మాట. ప్లేయర్‌ని నేరుగా స్పీకర్ వైర్లకు కలపొచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చాలా స్టీరియోల్లో స్పీకర్‌కి వెళ్లే రెండు తీగల మీదా సుమారు 6 వోల్టుల డీసీ నిలబడి ఉంటుంది. తగిలించగానే ప్లేయరో, స్టీరియోలోని ఆంప్లిఫయర్ ఐసీయో మాడిపోతుంది.

వెనకసీటు:
ఛేంజర్ అడాప్టర్ పెట్టించాను. పాటకి ప్రాణం వచ్చింది! ఇప్పుడు రెండు కొత్త తలనొప్పులు. లైటర్ సాకెట్‌లో చార్జర్ పెట్టి ప్లేయర్‌కి తగిలిస్తే సన్నగా కూయ్‌మంటోంది, యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత పైకి పోతోంది. చార్జర్ తీస్తే నిశ్శబ్దం. రెండోది, ఒక్కోసారి వాయిద్యాలు వినిపిస్తాయి, గొంతు మాత్రం మాయం.

మిల్లీవోల్ట్:
ఇంజన్‌తో పాటు పెరిగే కూత ఆల్టర్నేటర్‌ది (ఇంజన్‌తో తిరుగుతూ కారుకి కరెంటు పుట్టించేది). చార్జర్ తీస్తే పోతోందన్నారు కాబట్టి ఇది గ్రౌండ్ లూప్. ప్లేయర్ నెగటివ్‌కి ఇప్పుడు రెండు దారులున్నాయి: చార్జర్ ద్వారా లైటర్ సాకెట్ ఎర్త్‌కి ఒకటి, ఆడియో వైరు పైతొడుగు ద్వారా స్టీరియో ఎర్త్‌కి ఇంకొకటి. ఆ రెండు చోట్ల మధ్య ఉండే కొద్ది మిల్లీవోల్టుల తేడా పాటలో కలిసి, దాంతో పాటే పెద్దదవుతుంది. క్యాసెట్ అడాప్టర్‌లో హెడ్‌కీ హెడ్‌కీ మధ్య తీగ లేదు, ఉన్నది అయస్కాంత క్షేత్రమే. కాబట్టి అక్కడ ఈ దారి తెగిపోయి ఉంటుంది.

సులువైన మందు ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్. లోపల ఉండేవి రెండు చిన్న 1:1 ట్రాన్స్‌ఫార్మర్లు. నాసిరకంలో ఇనుప కోర్ మరీ చిన్నది కావడంతో లోతైన బేస్ పలచబడుతుంది, గట్టిగా పెడితే చీలుతుంది. బేస్ మీద మక్కువ ఉంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ నెగటివ్‌లు విడిగా ఉండే ఐసొలేటెడ్ డీసీ-డీసీ కన్వర్టర్‌తో చార్జ్ చేయండి, పాట దారిని ముట్టుకోనక్కర్లేదు. మామూలు లైటర్ చార్జర్లలో ఆ రెండూ ఒకటే అయి ఉంటాయి.

గొంతు మాయమవడం ప్లగ్గు పని. ఎర్త్ వలయం ఆననప్పుడు స్పీకర్లకు చేరేది ఎడమ, కుడి చానెళ్ల తేడా మాత్రమే. గొంతు సాధారణంగా రెండింటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టేసుకుపోతుంది. ప్లేయర్ కవరు మందం వల్ల ప్లగ్గు చివరిదాకా దిగడం లేదేమో, కవరు తీసి చూడండి. ప్లగ్గు మీద లోహపు భాగాలు నాలుగు ఉన్న మైకు కేబుల్ అయితే దాన్ని పక్కనపెట్టి మూడు ఉన్నది వాడండి.

పిన్నులలెక్క:
ఐసొలేటర్ కొనేముందు ఒక పని చేయండి. చార్జర్‌కి కరెంటు, ఎర్త్ రెండూ స్టీరియో వెనక నుంచే తీసుకోండి, ప్లస్ తీగకు 2 ఆంపియర్ల ఫ్యూజు వేసి. రెండు ఎర్త్‌లూ ఒకే బిందువు దగ్గర కలిస్తే తేడా వోల్టేజీ చాలావరకు పోతుంది. స్టీరియో ఎర్త్ స్క్రూ కింద పెయింటు ఉంటే గీకి బిగించండి. ఇవన్నీ అయ్యాక కూడా ఇంజన్ వేగంతో మారని సన్నని ఈల ఏదైనా మిగిలితే అది చార్జర్ సొంత సర్క్యూట్‌ది, చార్జరే మార్చాలి.

మిల్లీవోల్ట్:
అవును, ముందు అదే చేయండి. ఈక్వలైజర్, బేస్ బూస్ట్ ప్లేయర్‌లో ఆపేసి స్టీరియోలో సర్దుకోండి. ప్లేయర్ వాల్యూమ్ 80 శాతం దగ్గర ఉంచితే రేడియోకి మారినప్పుడు శబ్దం ఒక్కసారిగా మీద పడదు.