స్టెంట్ ఉచితంగానే వేశారు, చుట్టూ అయిన 40,000 అప్పు ఎలా తీర్చాలి?

మాది ఆదోని. నాయన పత్తి మార్కెట్‌లో హమాలీ. నేను ఇంట్లోనే మిషను కుడతాను. ఎండాకాలంలో ఒక రాత్రి నాయనకు గుండెనొప్పి వచ్చింది. టెన్షన్‌లో 108 గుర్తుకే రాలేదు, కారు మాట్లాడుకుని కర్నూలు పోయినాం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద స్టెంట్ వేశారు (మా ఇంట్లో ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాం). స్టెంటుకు రూపాయి కట్టలేదు. ఆ మేలు మరిచిపోను.

అయినా 40,000 అప్పయింది. అంతకుముందు వారం ఆదోనిలో బయటి ల్యాబుల్లో పరీక్షలకు 6,500, కారుకు 4,500. ఆసుపత్రిలో ‘పథకంలో రానివి’ అని 9,000 తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. అమ్మకూ నాకూ అక్కడ తిండికి, గదికి 5,000. నాయన రెండు నెలలు పనికి పోలేదు కాబట్టి బాడుగకు, సరుకులకు 15,000. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 1,200 చొప్పున అయిదు నెలలు కట్టినాం, అసలు అట్లే ఉంది.

ఇంకో బాధ. మందులకు నెలకు 1,700 అవుతోంది. మొన్న షీట్లు లెక్కపెడితే తెలిసింది, నాయన మాత్రలు రోజు మార్చి రోజు మింగుతున్నాడు. మాకు చెప్పలేదు. ఏం చేయాలో చెప్పండి.

ఒక స్టాఫ్ నర్సు, కర్నూలు
అప్పు సంగతి తర్వాత చూద్దాం, ముందు మాత్రలు. స్టెంట్ వేసినాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదమ్మా. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఈరోజే నాన్నగారికి చెప్పు. డిశ్చార్జి కాగితాలు తీసుకుని ఆ ఆసుపత్రిలోనే పథకం తరఫున రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లు, ఫాలో అప్ కింద మందులు వస్తాయేమో అడుగు. 9,000 సంగతీ అక్కడే చెప్పు, వినకపోతే 104 కు ఫోన్ చెయ్యి. రసీదు లేదని ఊరుకోవద్దు. ఇంకోసారి నొప్పంటే బయటి ల్యాబులకు పోకండి. పథకం ఉన్న ఆసుపత్రిలో ముందు మిత్రను కలిస్తే ఆ పరీక్షల ఖర్చు మీ మీద పడదు.

సంఘం లీడరు, పత్తికొండ
మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉందా? మా సంఘంలో పొదుపు డబ్బు రూపాయి వడ్డీకి ఇస్తాం. 40,000 కు నెలకు 400. మిగిలే 800 అసలుకు పోతుంది. మీది మునిసిపాలిటీ కాబట్టి మెప్మా (పట్టణ సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) తరఫున మీ సంఘాలను చూసే ఆర్పీని పట్టుకోండి, సంఘాల మహిళలకు అప్పులిచ్చే స్త్రీనిధి గురించి కూడా అడగండి. మీటింగులో తీర్మానం రాయించుకోవాలి. అడగడానికి అమ్మ సిగ్గుపడుతుందేమో. అది ఆమె పొదుపే, ఒకరి ధర్మం కాదు.

ఒక రైతు, అనంతపురం
2007లో ఆరోగ్యశ్రీ మొదట మొదలైన మూడు జిల్లాల్లో మాదీ ఒకటి. అంతకు రెండేళ్ల ముందు మా అన్న గుండె ఆపరేషన్‌కు ఎద్దులు, ఎకరన్నర అమ్మినాం. భూమి మళ్లీ కొనలేకపోయినాం. పాపా, మిషను మాత్రం తాకట్టు పెట్టొద్దు.

ప్రశ్న అడిగిన అమ్మాయి
నిన్న కర్నూలు పోయొచ్చినాం. ఫాలో అప్‌లో నాయన పేరు ఉందట, ఎవరూ చెప్పలేదు. మాత్రలు ఇచ్చారు. 9,000 గురించి 104 కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినా. పదో తేదీన సంఘం మీటింగు. అమ్మ అడుగుతానంది, తోడుగా నేనూ పోతున్నా. రాత్రి అన్నం తిన్నాక నాయన మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చుంటున్నా.