ఇంట్లో వాడిన ఇన్సులిన్ సూదులు, లాన్సెట్లు: ఖర్చు లేకుండా ఎలా పారేయాలి?

తెనాలి_ప్రశ్న
రోజుకి నాలుగు పూటలా ఇన్సులిన్ పెన్ వాడే ఇంట్లో నెలకి 120 సూదులు పోగవుతాయి. షుగర్ చూసుకోడానికి వేలికి పొడుచుకునే లాన్సెట్లు వేరే. వీటికి డబ్బా కొనాలా? నిండాక ఎవరికివ్వాలి?

వార్డ్‌సిస్టర్
కొననక్కర్లేదండీ. ఫినాయిల్, బట్టల లిక్విడ్ వచ్చే మందపాటి మరమూత డబ్బా చాలు. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అది హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం ప్లాస్టిక్. 1 అంకె ఉండే నీళ్ల సీసా వద్దు, నొక్కితే సొట్టపడి సూది పక్కనుంచి బయటికొస్తుంది. గాజు పగులుతుంది. కడిగి ఆరబెట్టి, ముప్పావు వంతు దగ్గర మార్కర్‌తో గీత గీసి, "వాడిన సూదులు, తెరవొద్దు" అని పెద్దక్షరాలతో రాయండి. గీత దాటాక కుక్కితేనే వేలికి గుచ్చుకుంటుంది.

పెన్ సూది తీసేటప్పుడు బయటి పెద్ద టోపీని బల్ల మీద మూతి పైకి నిలబెట్టండి. రెండో చెయ్యి పెట్టకుండా పెన్నుని అందులోకి దించి నొక్కాక, అప్పుడు టోపీ పట్టుకుని తిప్పండి. లోపలి సన్న టోపీ మళ్లీ తొడగొద్దు. సూదిని పెన్నుకే వదిలేస్తే గాలి చేరుతుంది, మందు కారుతుంది, డోసు తేడా వస్తుంది.

మందులషాపు
నీడిల్ బర్నర్ (సూదిని కరెంటుతో కాల్చే పరికరం) కొందామనుకునేవాళ్లకి ఒక మాట. 4 మి.మీ. పెన్ సూది అందులో సరిగా అందదు. సిరంజి సూది కాలినా ప్లాస్టిక్ దగ్గర మొన మిగులుతుంది. ఇన్సులిన్ సిరంజికి సూది ఊడిరాదు కాబట్టి సిరంజి మొత్తం డబ్బాలో వేయడమే మంచిది. ఆ డబ్బులతో షుగర్ టెస్ట్ స్ట్రిప్పులు కొనుక్కోండి.

ల్యాబ్_ఖమ్మం
ఎవరికివ్వాలంటే: 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఇంటి సూదుల్ని గృహ ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చారు. తడి, పొడి చెత్తలో కలపకూడదు. చెత్త ఆటో వస్తే లోపల ఏముందో చెప్పి విడిగా చేతికివ్వండి. అంతకన్నా నయం, మీరు చూపించుకునే క్లినిక్‌నో ల్యాబ్‌నో అడగడం. వాళ్ల సూదులు తెల్ల డబ్బాలోకి వెళ్తాయి, ఆసుపత్రుల చెత్తని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం బండి వచ్చి పట్టుకెళ్తుంది. మీ డబ్బాని మూతేసి అలాగే ఇవ్వండి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గుమ్మరించొద్దు.

చిన్న క్లినిక్‌లు నడిపేవాళ్లు కూడా చూసుకోవాలి. ఎర్ర సంచి సూది తీసిన సిరంజిలకి, సెలైన్ ట్యూబులకి. అందులో సూది కలిస్తే శుద్ధి కేంద్రంలో సంచి ఎత్తేవాళ్ల చేతికి దిగుతుంది. పగిలిన యాంపిల్స్ (ఇంజెక్షన్ మందు వచ్చే చిన్న గాజు బుడ్లు) నీలం డబ్బాకి.

మెట్టపొలం
మా వైపు చెత్త బండి రాదు. తగలబెట్టొచ్చా?

వార్డ్‌సిస్టర్
వద్దు తమ్ముడూ. ప్లాస్టిక్ కాలిపోయి సూది బూడిదలో మిగులుతుంది, ఆ బూడిద పెంటకుప్పలోంచి పొలానికి చేరుతుంది, దున్నేటప్పుడు కాలికి దిగుతుంది. ముందు ఏఎన్ఎమ్మునో ఆశా కార్యకర్తనో పీహెచ్‌సీలో తీసుకుంటారేమో అడగమనండి.

ఏదీ కుదరకపోతే సిమెంటు. డబ్బా సగం నిండినప్పుడే చేయాలి. ఒకపాలు సిమెంటు, ఒకపాలు జల్లించిన సన్న ఇసుక, మజ్జిగలా జారేదాకా నీళ్లు. రెండు విడతలుగా పోస్తూ డబ్బాని నేలకేసి మెల్లగా తట్టండి. చిక్కగా కలిపితే పైనే గట్టిపడి అడుగున సూదులు వదులుగా ఉండిపోతాయి. మర్నాటిదాకా కదపొద్దు. తర్వాత మూత బిగించి, బావికీ బోరుకీ దూరంగా, నాగలి తగలనంత లోతున పూడ్చండి.

ల్యాబ్_ఖమ్మం
ఇంకొకరు వాడిన సూది గుచ్చుకుంటే పిండొద్దు, బ్లీచ్ పోయొద్దు. పారే నీళ్లలో సబ్బుతో కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ నిరోధక మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నదీ లేనిదీ అక్కడ చెప్పండి.

తెనాలి_ప్రశ్న
ఖాళీ పెన్నులు, స్ట్రిప్పులు కూడా ఆ డబ్బాలోకేనా?

మందులషాపు
అక్కర్లేదండీ, చోటు దండగ. స్ట్రిప్పులు, రక్తం అంటిన దూది కాగితంలో చుట్టి శానిటరీ చెత్తతో విడిగా ఇవ్వండి. పెన్నులోని గాజు కార్ట్రిడ్జ్ పగిలితే మాత్రం ఆ ముక్కలు సూదుల డబ్బాలోకే.