మార్లిన్ 336కి తక్కువ ఖర్చులో పీప్ సైట్: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. టెక్సస్‌లో జింకల వేటకు మార్లిన్ 336 లివర్ రైఫిల్ వాడుతున్నాను, థర్టీ-థర్టీ తూటా, 20 అంగుళాల బ్యారెల్. వయసు నలభై దాటింది, బక్‌హార్న్ (కొమ్ముల్లా వంగిన) వెనక సైట్ మసగ్గా కనబడుతోంది. స్కోప్ వద్దు, పీప్ సైట్ (చిన్న రంధ్రం లోంచి గురి చూసే వెనక సైట్) పెట్టాలనుంది. విలియమ్స్ కంపెనీ పీప్ సైట్లలో డబ్ల్యూజీఆర్‌ఎస్ తీసుకోవాలా, ఎఫ్‌పీనా? ముందు సైట్ కూడా మార్చాలా? గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లకుండా ఇంట్లోనే బిగించుకోవచ్చా?

జవాబు

ముందు రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే నడిమి భాగం) ఎడమ పక్క చూడండి. అక్కడ రంధ్రాలు మూసే రెండు మూత స్క్రూలుంటే ఎఫ్‌పీ నేరుగా కూర్చుంటుంది. లేకపోతే రంధ్రాలు వేయించాలి, దాంతో చవక అన్న మాటే ఉండదు. అప్పుడు డబ్ల్యూజీఆర్‌ఎస్ మేలు, అది రిసీవర్ పైనున్న స్కోప్ రంధ్రాల్లోకే వస్తుంది. దాని ధరా తక్కువే. కాకపోతే సర్దాలంటే స్క్రూ వదులు చేసి చేత్తో జరపాలి, ఒకటి జరిపేటప్పుడు రెండోది కదిలిపోతుంటుంది. ఎప్పుడూ ఒకే రకం తూటా వాడేవారికి అది చాలు.

వేటకు సన్న రంధ్రం వద్దే వద్దు. పొద్దు వాలగానే అందులోంచి అంతా నల్లగా కనబడుతుంది. సన్న రంధ్రమున్న బిళ్ల విప్పేసి, అది కూర్చునే మరలున్న పెద్ద రంధ్రం లోంచే చూడండి. రంధ్రాన్ని చూడకండి, ముందు సైట్ కొసనున్న బీడ్‌ని (చిన్న గుండుని) చూడండి. దాన్ని మధ్యకు తెచ్చే పని కన్నే చేసుకుంటుంది.

జవాబు

ఇంట్లో బిగించుకోవచ్చు. చాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ చేసి, వేలు పెట్టి మరీ చూసుకోండి. మూత స్క్రూలకు గాడిలో నిండుగా పట్టే స్క్రూడ్రైవరే వాడాలి, వదులుదైతే తల చెడిపోతుంది. రాకపోతే పెనిట్రేటింగ్ ఆయిల్ (బిగుసుకున్న స్క్రూ వదులయ్యే నూనె) చుక్క వేసి రాత్రంతా వదిలేయండి.

తొలిసారి జిగురు లేకుండా బిగించి, లివర్ నాలుగైదు సార్లు ఆడించండి. బోల్ట్ తగులుతుంటే స్క్రూ పొడవు ఎక్కువని అర్థం, కొస ఆకురాయితో కాస్త తగ్గించండి. తర్వాత రంధ్రాల్లో నూనె అసిటోన్‌తో తుడిచి, ఊదారంగు లాక్‌టైట్ 222 అనే స్క్రూ జిగురు ఒక్క చుక్క వేసి రెండు స్క్రూలూ మార్చి మార్చి బిగించండి. ఎరుపుది వాడితే మళ్లీ విప్పడానికి వేడి పెట్టాలి.

పాత వెనక సైట్ తీసేయండి, లేకపోతే చూపుకి అడ్డొస్తుంది. ఇత్తడి పంచ్‌తో, వెనక నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి కొట్టాలి. ఆ సైట్ కూర్చున్న ఖాళీ గాడిలో 3/8 అంగుళం మూత ముక్క పెట్టేయండి.

జవాబు

ముందు సైట్ ఇప్పుడే కొనకండి, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పీప్ సైట్ పాతదాని కంటే ఎత్తులో కూర్చుంటుంది కాబట్టి తూటా పైకి తగులుతుంది. 25 గజాల దగ్గర మొదలుపెట్టి, పీప్‌ని పూర్తిగా కిందికి దించి, 100 గజాల్లో మూడు తూటాలు కాల్చండి. ఇంకా పైకే పడితే ముందు సైట్ ఎత్తు పెంచాలి.

లెక్క ఇది: రెండు సైట్ల మధ్య దూరాన్ని, తూటా గురి కంటే ఎంత పైకి తగిలిందో ఆ తేడాతో గుణించి, గురి దూరంతో భాగించాలి. అన్నీ అంగుళాల్లోనే, 100 గజాలంటే 3600. సైట్ల మధ్య 24, తేడా 6 అనుకుంటే, 24 × 6 ÷ 3600 = 0.040. పాత బీడ్ ఎత్తుకి అంత కలిపి, దొరికే సైజుల్లో దానికి పైది తీసుకోండి. పీప్‌ని పైకి లేపుకోవచ్చు గానీ అడుగుకి చేరాక ఇంకా దించలేం.

కొత్తది గాడిలో బిగుతైతే సైట్ అడుగునే ఆకురాయితో అరగదీయండి. గాడి మీద మాత్రం ఆకురాయి పెట్టొద్దు. సైట్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, గాడి వదులైతే అది తుపాకీకే దెబ్బ.