ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఆటల పీరియడ్ ఎట్ల నడపాలె?

ప్రశ్న (మునుగోడు దిక్కు ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్)

నమస్తే. మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక బడి. ఒకటి నుంచి మూడు దాకా 26 మంది నా దగ్గరే. పీఈటీలు (ఆటల సార్లు) హైస్కూళ్లల్లనే ఉంటరు, ఇక్కడ ఆటల పీరియడ్ గూడ నేనే చూసుకోవాలె. నా చిన్నప్పుడు పీటీ అంటే సావధాన్, విశ్రామ్. అదే వీళ్లతోని చేయించిన. పది నిమిషాలు గాకముందే ఒకడు కాలితోని మట్టి గీకుతుండు, ఇంకొకామె జడ నోట్లె పెట్టుకున్నది.

ఖోఖో పెట్టి చూసిన. అవుటైనోళ్లు పోయి వేపచెట్టు కింద కూచుంటున్నరు. రోజూ వాళ్లే! బొద్దుగ ఉండే పిల్లగాడు, జల్ది ఆయాసం వచ్చే అమ్మాయి, కొత్తగ చేరిన చిన్నది. ఎవరికి ఆట ఎక్కువ కావాల్నో వాళ్లే కూచుంటే నాకు మనసున పడతలేదు.

ఇంకోటి. ఆట కాంగనే అందరు గేటు బయటి బోరింగు మీద పడతరు. మిషన్ భగీరథ (సర్కారు మంచినీళ్ల) నల్లా వంటగది వెనక ఉన్నది, అంత దూరం ఎవరు పోతరు? మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ సంగతి మీకెరుకే. మూడో తరగతి పిల్ల ఒకామెకు పండ్ల మీద గోధుమరంగు మరకలు. నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటది. పండ్లు తోముకునే పాఠం చెప్తుంటే తల దించుకున్నది. ఆ పాఠం ఎట్ల చెప్పాలె?

జవాబు 1 (దేవరకొండ, 19 ఏండ్ల సర్వీసు)

సార్, అవుటయ్యే ఆటలు మూడో తరగతి దాకా పక్కకు పెట్టుండ్రి. నేల-బండ ఆడించుండ్రి. దొంగ ఎవరిని అంటుకుంటే వాడే దొంగ అయితడు, ఎవ్వరు బయటికి పోరు. తొక్కుడుబిళ్లకు ఒక్క గీత గీస్తే పిల్లలంత లైన్ల నిలబడుడే సరిపోతది. నేను సున్నంతోని ఆరు గీయిస్త, గీతకు నలుగురు. ఒంటికాలి మీద గెంతి, వంగి బిళ్ల తీసి, పడకుండ లేచుడు ఆరేండ్ల పిల్లకు చిన్న పని గాదు.

రబ్బరు బంతి వస్తుంటే చిన్నోళ్లు కండ్లు మూసుకుంటరు. పాత సాక్సుల గుడ్డపేలికలు కుక్కి కుట్టియ్యుండ్రి. భయం పోతే పట్టుడు అదే వస్తది.

ఐదేండ్లు దాటిన పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసేటట్టు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మీ పీరియడ్‌ల ఒక్క పిల్లను పట్టుకొని గడియారం చూడుండ్రి. నేను చూసిననాడు 40 నిమిషాలల్ల ఒక బాబు కదిలింది 6 నిమిషాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

జవాబు 2 (చండూరు, పండ్ల దవాఖానల పనిచేస్త)

ఆ మరకలు మురికి గాదని క్లాసు మొత్తానికి చెప్పుండ్రి సార్, ఆ పిల్ల దిక్కు చూడకుండ. ఎంత తోమినా పోవు. ఇటుకపొడి, బొగ్గు పెట్టి రుద్దితే పైపొర అరుగుడే. పక్కా పండ్లు చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ పడుతది. ఎనిమిదేండ్ల దాకా ఆ పని నడుస్తనే ఉంటది, అంటే మీ ఒకటో తరగతోళ్లు ఇప్పుడు తాగే నీళ్లే ముఖ్యం. నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు.

కాచి తాపుతున్నమని చానమంది తల్లులు ధీమాగ ఉంటరు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతది. ఈ ముక్క పేరెంట్స్ మీటింగుల తప్పక చెప్పుండ్రి. దూపైన పిల్ల దగ్గర ఏముంటే అదే తాగుతది. నల్లా నీళ్లు బిందెతోని వేపచెట్టు కిందికే తెప్పియ్యుండ్రి.

జవాబు 3 (అచ్చంపేట)

అన్నం తిన్న ఎంబడే మాత్రం ఉరికియ్యకుండ్రి. మా బడిల ఇద్దరు కక్కిర్రు. ఇప్పుడు ప్రార్థన కాంగనే ఆడిస్తున్నం, ఎండ గూడ తక్కువ.

ప్రశ్న అడిగినాయన

వారం అయింది. బిందె చెట్టు కింద పెట్టినం, బోరింగు దిక్కు ఇద్దరు ముగ్గురే పోతున్నరు. నిన్న నేల-బండల ఆ పిల్ల దొంగ. రెండు చేతులు చాపి ఉరుకుతూ పకపక నవ్వింది.

దేవరకొండ మేడమ్, గుడ్డ బంతి కుట్లు రెండు రోజులకే ఊడుతున్నయి. మీరు ఏ దారం వాడుతరు?