మాఘుడి ‘అపరరాత్రం’ ఎప్పుడు? కవికి బుద్ధి తేటపడే వేళ

గోదారి గట్టు:
కొన్నాళ్లుగా ఒక పాదం ముక్క నోట్లో నానుతోంది. “...రాత్రప్రాప్తబుద్ధిప్రసాదాః, కవయ ఇవ మహీపాః...” మాఘుడి ‘శిశుపాలవధం’లోదే, పదకొండో సర్గ, ప్రభాతవర్ణన. రాత్రి ఆ వేళకు బుద్ధి తేటపడి రాజులు కవుల్లా ఆలోచిస్తారని భావం. రాత్రికి ముందున్నది ‘అర్ధ’నా, ‘అపర’నా? కవులకు ఏ వేళ బాగా కుదురుతుందన్న మాట వచ్చినప్పుడల్లా ఇది చెప్పబోయి ఆగిపోతున్నాను. పుస్తకం ఊళ్లో ఉంది.

ఛందోభిమాని:
‘అపర’. అది మాలినీ వృత్తం. “గహనమపరరాత్రప్రాప్తబుద్ధిప్రసాదాః”. మొదట ఆరు లఘువులు పడాలి. ‘అర్ధ’ పెడితే ‘మ’ గురువై రెండో నగణం చెడుతుంది.

మెతుకుసీమ:
అక్షరం తేలింది, వేళ తేలలేదు. అర్ధరాత్రి దాటాక మిగిలిందంతా అపరరాత్రమా, చివరి జాము ఒక్కటేనా? నా ఓటు చివరి జాముకే. కాళిదాసు అంతకు ముందే రఘువంశంలో సగం శ్లోకంలో చెప్పేశాడు: “పశ్చిమాద్యామినీయామాత్ ప్రసాదమివ చేతనా”. కుశుడి వల్ల కుముద్వతి ‘అతిథి’ అనే కొడుకును పొందడం, రాత్రి చివరి జాము వల్ల బుద్ధి తేటను పొందడం లాంటిదట. అక్కడా ప్రసాదమే, ఇక్కడా ప్రసాదమే. రెండు కావ్యాలకూ వ్యాఖ్య రాసినవాడు మా మెదకు సీమ మల్లినాథుడే.

ఛందోభిమాని:
కాళిదాసు ‘యామం’ అన్నాడు, మాఘుడు అనలేదు. అనని మాట ఆయనకు అంటగట్టకండి మాస్టారూ. మొదటి పాదం చూడండి: ‘క్షణశయితవిబుద్ధాః’. కాస్త కునుకు తీసి లేచినవాళ్లు. అలాంటివాళ్లు ఒంటిగంటకైనా లేస్తారు.

కాకినాడ చదువరి:
మనం ‘అర్ధరాత్రి, అపరాత్రి’ అంటాం కదా, ఆ అపరాత్రి ఇదే. రెండు ‘ర’లు పక్కపక్కన పడి ఒకటి జారిపోయింది. పైగా అర్ధరాత్రి తర్వాతే అపరాత్రి అంటాం, వరస కూడా సరిపోయింది.

ఛందోభిమాని:
ఒప్పుకోను. అది అప + రాత్రి, అపశకునం లాగా. సంస్కృతంలో పూర్వ, అపర లాంటివి ముందుంటే ‘రాత్రి’ కాస్తా ‘రాత్రం’ అవుతుంది. మనవాళ్ల నోట ఇకారం చెక్కుచెదరలేదే!

కాకినాడ చదువరి:
తెలుగువాడు ‘రాత్రి’ అని తన అలవాటు కొద్దీ పలికాడు. జనం నోటికి సమాసాంతాలతో పనేముంది?

ఉయ్యాలమంచం:
అందరూ తెల్లవారుజామునే పట్టుకున్నారు. పెద్దన చాటువు ఎవరికీ గుర్తు రాలేదా? “నిరుపహతి స్థలంబు” అని మొదలుపెట్టి విడెం, భోజనం, ఉయ్యెలమంచం, రసజ్ఞులు, లేఖక పాఠకోత్తములు అన్నీ అడిగాడు. వేళ మాత్రం అడగలేదు. నా ఉద్దేశంలో అడగక్కర్లేదు, అందులోనే ఉంది. ఇంపైన భోజనం చేసి, కప్పుర విడెం వేసుకుని, ఉయ్యాల మీద ఒరిగితే అది మధ్యాహ్నమే. సంస్కృత ఆలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవి దినచర్య చెబుతూ రచనకు పగటి రెండో జాము ఇచ్చాడు. పొద్దున రాసింది నాలుగో జాములో పరీక్షించుకోమన్నాడు. కొలువు చేసుకుంటూ తీరిక చిక్కినప్పుడు రాసే కవికైతే భోజనం అయిన వేళ కూడా మంచిదేనన్నాడు, కడుపు నిండితే మనసు కుదుటపడుతుందని. పెద్దన అడిగింది సరిగ్గా అదే.

మెతుకుసీమ:
అదే రాజశేఖరుడు ఆ కవికే రాత్రి చివరి అరజామును సారస్వత ముహూర్తమన్నాడు. ఆ ముక్క వదిలేశారేం?

ఛందోభిమాని:
‘నిరుపహతి’యా, ‘నిరుపహత’యా? తర్వాత ‘స్థ’ ఉంది కాబట్టి రెండూ గణానికి సరిపోతాయి. నాకు ‘నిరుపహత’ ఇష్టం. ఇంకో సంగతి, మూడో పాదంలో (“ప్పరయు రసజ్ఞు లూహ తెలియంగల...”) ‘ప్ప’కూ ‘యం’కూ యతి ఎలా కుదిరిందని చాలామంది తడబడతారు. తప్పు + అరయు. ఆ ‘అ’తో ‘య’ చెల్లింది. ఉయ్యాల మీద ఊగుతూ ఇలాంటి యతి వేశాడంటే, ఏ వేళైతేనేం, దణ్ణం పెట్టాలి.

గోదారి గట్టు:
పెద్దన సరే, పోతన సంగతి? ఆయనకు రాముడు కనిపించింది “రాకానిశాకాలంబున”, అంటే పున్నమి రాత్రి, చంద్రగ్రహణం నాడు, గంగలో మునిగి ఇసుకతిన్నె మీద కూర్చున్నప్పుడు. “కించిదున్మీలిత లోచనుండనై”. పూర్తిగా మూసిన కళ్లు కావు, తెరిచినవీ కావు. నేను నాలుగింటికి లేచి, పాలవాడు గేటు తీసేలోపు రాసుకునే పద్యాల వేళకు ఇంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.

మెతుకుసీమ:
పోతన జాము చెప్పలేదు. రాయలు చెప్పాడు. కృష్ణా తీరాన ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలోకి వచ్చి ఆముక్తమాల్యద రాయమన్నది “అప్పుణ్యరాత్రి చతుర్థయామంబున”. మాఘుడు రాజుల్ని కవులతో పోల్చాడు. ఇక్కడ రాజే కవి, వేళ చివరి జాము. ఇంకేం కావాలి?

ఛందోభిమాని:
అది హరివాసరం. ఏకాదశికి జాగరం ఉంటే కల ఎక్కడిది?

మెతుకుసీమ:
‘హరివాసరోపవాసం’ అన్నాడే గానీ జాగరం అనలేదు. అనని మాట అంటగట్టొద్దని ఇందాక మీరే అన్నారు.

కాకినాడ చదువరి:
అపరాత్రి సంగతి తేల్చకుండా శ్రీకాకుళం వెళ్లిపోయారు. పాత నిఘంటువులు దగ్గరున్నవాళ్లు ‘అపరాత్రి’ మాట కింద ఏముందో చూసి ఫొటో పెట్టండి.