అమ్మానాన్నలతో ట్రాన్సిల్వేనియా, కారులో: ట్రాన్స్‌ఫగరషాన్ ఏ వైపు నుంచి ఎక్కితే మంచిది?

మ్యూనిక్ మామూలోడు

అందరికీ నమస్కారం. సెప్టెంబరు మొదట్లో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. ముగ్గురం బుకారెస్ట్ దాకా ఫ్లైట్‌లో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని రొమేనియా తిరుగుదామని ప్లాన్. వారం సెలవు దొరికింది. సిబియు, సిగిషువారా, బ్రషోవ్ ఎలాగూ చూస్తాం. ట్రాన్స్‌ఫగరషాన్, ట్రాన్సాల్పినా ఘాట్ రోడ్లు రెండూ ఎక్కాలని నా ఆశ.

చిక్కేమిటంటే, అమ్మకి మలుపులు పడవు, కడుపులో తిప్పుతుంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు. కానీ చరిత్ర అంటే చాలు, ప్రతి శిలాఫలకం ముందూ ఆగిపోతారు. ట్రాన్స్‌ఫగరషాన్ ఉత్తరం నుంచి ఎక్కాలా, దక్షిణం నుంచా? ఇంకోటి, రోడ్డు మీద ఎలుగుబంట్ల వీడియోలు చూసి అమ్మ ఇప్పటి నుంచే టెన్షన్ పడుతోంది. నిజంగా అంత ఉంటాయా?

రెండో గేరు

వీసా గురించి అడగలేదు గానీ చెప్తున్నా. రొమేనియా విమానాశ్రయాలు 2024 మార్చి 31 నుంచి, భూసరిహద్దులు 2025 జనవరి 1 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) కలిశాయి. మీవాళ్ల షెంగెన్ వీసా చాలు. అక్కడి జాతీయ రహదారుల మీద తిరగాలంటే రోవినియెటా అనే రుసుము కట్టి ఉండాలి. అద్దె కారుకి మామూలుగా కట్టే ఉంటుంది, అయినా తాళాలు తీసుకునేటప్పుడు ఒకసారి అడగండి. ఊరు దాటాక పగలైనా హెడ్‌లైట్లు వేసుకోవాలి. మందు విషయంలో లిమిట్ సున్నా, ఒక్క బీరు కూడా కుదరదు. డబ్బు అక్కడి కరెన్సీ లేయీల్లో ఉంచుకోండి, యూరోలు కాదు.

ఘాట్ పిచ్చి

బ్రో, ట్రాన్సాల్పినా మాత్రం వదలకు. ఉర్దేలె కనుమ 2145 మీటర్లు, ట్రాన్స్‌ఫగరషాన్ కంటే ఎత్తు. పైన చెట్టూ చేమా ఉండవు, కొండ వీపు మీదే రోడ్డు పోతుంది. జనం కూడా తక్కువ.

సిబియు అక్క

తమ్ముడూ, నేను ఉండేది సిబియులోనే. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈ రోడ్డు మీదికి డ్రైవర్‌ని నేనే. ఘాట్ పిచ్చి చెప్పింది నిజమే, ట్రాన్సాల్పినా బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ మలుపులు పడని అమ్మని వారంలో రెండు ఘాట్లు ఎక్కించడం శిక్ష. ఒక్కటే పెట్టుకో. మిగిలిన సమయం పల్లెలకి ఇవ్వు, మీ నాన్నకి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి.

దక్షిణం నుంచే ఎక్కు. ఎక్కువమంది ఉత్తరం నుంచి, అంటే కిర్త్సిషువారా వైపు నుంచి వెళ్తారు. అటు నుంచి వెళ్తే చూడాల్సిందంతా మొదటి గంటలోనే అయిపోతుంది. తర్వాత సొరంగం దాటి అడవిలో కిలోమీటర్ల కొద్దీ వంకరలు, వెనక సీట్లో అమ్మ అవస్థ. దక్షిణం నుంచైతే ఆ అడవి ముందు వస్తుంది, పొద్దున్నే, ఖాళీ రోడ్డు మీద. పైన సొరంగం దాదాపు 900 మీటర్లు, ఇరుకు, వెలుతురు అంతంతమాత్రం. అది దాటగానే 2034 మీటర్ల ఎత్తులో బిలియా సరస్సు, ఇంకో నాలుగడుగులు వేస్తే కింద లోయంతా రోడ్డు మెలికలు. మా అత్తగారు ఆ గోడ దగ్గర నిలబడి, "ఇదంతా మనం దిగాలా?" అని కారెక్కనని కూర్చున్నారు. దిగాక సిబియు దగ్గరే, హోటల్లో నడుం వాల్చొచ్చు.

అందుకని ముందు రోజు రాత్రి కుర్తియా దె అర్జెష్‌లో ఉండండి. 1517 నాటి మఠం ఉంది అక్కడ, నాన్నకి నచ్చుతుంది. కట్టిన గోడ కట్టినట్టే రాత్రికి కూలిపోతుంటే మేస్త్రీ మనోలె తన భార్యని గోడలో పెట్టి కట్టాడని కథ చెబుతారు. మన అనంతపురం వైపు చెరువు కట్ట నిలవడానికి ముసలమ్మ బలైన కథ ఉంది కదా, అది గుర్తొస్తుంది. రొమేనియా రాజులు కొందరి సమాధులు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి. పెట్రోలు అక్కడే ఫుల్ ట్యాంక్ కొట్టించు, పైన బంకులు లేవు.

దారిలో పోయెనారి కోట వస్తుంది. డ్రాకులా పేరుకి మూలమైన రాజు వ్లాద్ నిజంగా వాడుకున్న కోట అది, కానీ 1480 మెట్లు. కింద నుంచి చూపించి ముందుకెళ్లు. బ్రషోవ్ దగ్గర డ్రాకులా పేరు చెప్పి క్యూలో నిలబెట్టే బ్రాన్ కోటకీ వ్లాద్‌కీ పెద్దగా సంబంధం లేదు. అది తీసేసినా నష్టం లేదు.

ఎలుగుబంట్లు ఉన్నాయి, అమ్మ భయం ఉత్తిది కాదు. విద్రారు డ్యామ్ చుట్టుపక్కల అడవిలో రోడ్డు వారనే కూర్చుంటాయి, జనం తిండి వేసి అలవాటు చేశారు. 2025 జూలైలో ఇదే రోడ్డు మీద, ఎలుగు దగ్గరికి వెళ్లిన ఒక ఇటలీ బైకర్ చనిపోయాడు. అద్దాలు ఎత్తేసి, ఆగకుండా మెల్లగా వెళ్లిపోవడమే. ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగితే కంగారు పడొద్దు, దగ్గర్లో ఎలుగు తిరుగుతోందని ప్రభుత్వం పంపే హెచ్చరిక అది.

దిగేటప్పుడు రెండో గేరు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగేవాళ్ల బండ్లు కింద పార్కింగ్‌లో వాసనతోనే తెలిసిపోతాయి. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టు, ఫోన్ చూడనివ్వకు.

మ్యూనిక్ మామూలోడు

అక్కా, చాలా థ్యాంక్స్. దక్షిణం ఫిక్స్. ట్రాన్సాల్పినా మనసు చంపుకుని తీసేశా. ఆ రోజు మబ్బు పడితే ఏం చేయాలి? పల్లెలన్నారు, ఏవి?

సిబియు అక్క

మబ్బు పడితే మొండిగా ఎక్కకు. ఒక్కోసారి సొరంగానికి ఇటు ఎండ, అటు చేయి చాస్తే కనపడనంత పొగమంచు. పైభాగం మామూలుగా జూన్ చివర నుంచి అక్టోబరు చివరి దాకా తెరిచి ఉంచుతారు గానీ సెప్టెంబరులో కూడా మంచు పడొచ్చు, పొద్దున లేవగానే కనుక్కో. కుదరకపోతే రిమ్నికు విల్చా మీదుగా ఓల్త్ నది పట్టుకుని సిబియు వచ్చేయ్. తుర్ను రోషు కనుమ, కొండలని కోసుకుంటూ నది, పక్కనే రోడ్డు. ఎక్కడం దిగడం పెద్దగా లేదు. దారిలో 14వ శతాబ్దపు కోజియా మఠం. నిజం చెప్పాలంటే మీ అమ్మకి ఇదే ఎక్కువ నచ్చుతుంది.

పల్లెల్లో ముందు బియెర్తాన్. జర్మన్ మాట్లాడే సాక్సన్లు శత్రువుల నుంచి కాపాడుకోవడానికి చర్చి చుట్టూ కోటగోడలు కట్టుకున్న ఊళ్లలో అదొకటి, 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. లోపల నగల గది తలుపు తాళం చూడండి. ఒక్క తాళంచెవి తిప్పితే తలుపు అంచుల చుట్టూ ఉన్న గడియలన్నీ ఒకేసారి బయటికొస్తాయి. 1900లో పారిస్ ప్రదర్శనకి వెళ్లి వచ్చిన తాళం. విడాకులు కావాలన్న భార్యాభర్తలని పెట్టిన గది కూడా ఉంది: ఒకటే మంచం, ఒకటే కంచం, ఒకటే చెంచా. మూడొందల ఏళ్లలో ఒక్క జంటే విడిపోయిందంటారు. మా ఆయన అది విని "ఆ ఒక్కళ్లకి గుడి కట్టాలి" అన్నాడు.

సిగిషువారా పాత కోటలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. కారు కిందే వదలాలి, పైదంతా గులకరాళ్ల బాట. నాన్నకి బూట్లు మంచివి కొను. చీకటి పడ్డాక చిన్న రోడ్లలో నడపకు, లైట్లు లేని గుర్రబ్బండ్లు ఎదురొస్తాయి.

రెండో గేరు

బ్రషోవ్ నుంచి బుకారెస్ట్‌కి ప్రెదియాల్ మీదుగా వచ్చే రోడ్డు ఆదివారం సాయంత్రం ఎక్కొద్దు. వీకెండ్‌కి కొండలెక్కిన బుకారెస్ట్ జనమంతా అప్పుడే దిగుతారు. తిరుగు ఫ్లైట్ సోమవారం పొద్దున ఉంటే మార్చుకో, లేదంటే ఆదివారం పొద్దున్నే బయల్దేరు.