కరెక్షన్‌కూ కరెక్టివ్ యాక్షన్‌కూ తేడా ఎక్కడ? 8డీ రిపోర్టు రెండుసార్లు వెనక్కి వచ్చింది

ప్రశ్న: బాలానగర్ క్వాలిటీ

అందరికీ నమస్కారం. బాలానగర్‌లోని ఒక చిన్న మెషిన్ షాపులో ఎనిమిది నెలలుగా క్వాలిటీ పని చూస్తున్నాను. ఒక పంపుల తయారీదారుకు మేము 25 మిల్లీమీటర్ల స్టీలు షాఫ్టులు గ్రైండింగ్ చేసి పంపుతాము. బేరింగ్ కూర్చునే చోట డ్రాయింగులో హెచ్6 టాలరెన్స్ (కొలతలో అనుమతించిన తేడా) ఉంది కనుక వ్యాసం 24.987 నుంచి 25.000 మధ్యలోనే ఉండాలి. పోయిన నెల పంపిన 400 షాఫ్టులలో 12 సన్నబడ్డాయని, కొలతలు 24.984, 24.985 వస్తున్నాయని కస్టమర్ తిప్పి పంపారు. మెషిన్ దగ్గర కొలిచినప్పుడు మాత్రం అన్నీ హద్దులోనే ఉన్నట్టు మా చెక్ షీటులో ఉంది.

8డీ రిపోర్టులో (లోపాన్ని ఎనిమిది అంచెల్లో విచారించి కస్టమర్‌కు ఇచ్చే నివేదిక) కరెక్టివ్ యాక్షన్ కింద "మిగిలిన స్టాకు నూటికి నూరు శాతం తనిఖీ చేశాము, 12 షాఫ్టులకు బదులు కొత్తవి ఇచ్చాము, ఆపరేటరును హెచ్చరించాము" అని రాశాను. ఇది కరెక్షనే తప్ప కరెక్టివ్ యాక్షన్ కాదంటూ రెండుసార్లు వెనక్కి పంపారు. తేడా ఎవరైనా విడమరచి చెప్పగలరా? ఆ 12 షాఫ్టులకు హార్డ్ క్రోమ్ పూత వేసి మళ్లీ గ్రైండ్ చేస్తే దాన్ని రీవర్క్ అనవచ్చా?

జవాబు: ఆడిటింగ్ అనుభవం

క్వాలిటీ వ్యవస్థల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9000లో ఈ మాటలకు స్పష్టమైన నిర్వచనాలు ఉన్నాయి. కనబడిన నాన్‌కన్ఫర్మిటీని, అంటే అడిగినదానికి సరిపోని లోపాన్ని, తొలగించేది కరెక్షన్. దాని కారణాన్ని తొలగించి, అది మళ్లీ రాకుండా చేసేది కరెక్టివ్ యాక్షన్. మీరు రాసిన మొదటి రెండు పనులూ అవసరమైనవే, కానీ అవి చేశాక కూడా రేపు అదే మెషిన్ మీద అలాంటి షాఫ్టే మళ్లీ రావచ్చు, ఎందుకంటే షాఫ్టు సన్నబడడానికి కారణమేదో అది అక్కడే ఉంది.

ఇక ఆపరేటరును హెచ్చరించడం గురించి నేను గట్టిగానే చెప్పదలచుకున్నాను. అతను చెక్ షీటులో ఉన్నట్టే కొలిచి, కనిపించిన అంకెనే రాసి ఉంటే, తప్పు అతనిది కాదు. పద్ధతిలో ఉన్న లోపాన్ని మనిషి మీదకు నెడితే అతను రేపటి నుంచి అంకెలు దాచడం మొదలుపెడతాడు, అప్పుడు మీకు నిజం తెలిసే దారే మూసుకుపోతుంది. దయచేసి ఆ వాక్యం తీసేయండి.

8డీలో నాలుగో అంచె రెండు ప్రశ్నలు అడుగుతుంది: లోపం ఎందుకు పుట్టింది, పుట్టిన లోపం మన దగ్గరే ఎందుకు దొరకలేదు. రెండింటికీ విడివిడిగా ఐదు "ఎందుకు"లు వేసి చూడండి, అంటే వచ్చిన ప్రతి జవాబునూ మళ్లీ ఎందుకు అని అడుగుతూ పోండి.

జవాబు: గ్రైండింగ్ ఫోర్‌మన్

మెషిన్ దగ్గర సరిగ్గా ఉండి, అక్కడికి వెళ్లాక సన్నబడిందంటే ముందుగా వేడిని అనుమానించాలి. స్టీలు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. మీ 25 మిల్లీమీటర్ల వ్యాసం మీద, షాఫ్టు మైక్రోమీటరు కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే, అది దాదాపు 6 మైక్రాన్లు. మీకున్న టాలరెన్సే 13 మైక్రాన్లు, అందులో సగం వేడే తినేస్తోంది. గ్రైండర్ నుంచి తీసిన షాఫ్టును చేత్తో పట్టుకుని చూడండి. వెచ్చగా తగిలితే ఆ కొలతను నమ్మకూడదు. కూలెంట్ ధార చక్రం, షాఫ్టు కలిసే చోటే పడుతోందా, ఫిల్టరు పూడుకుపోయిందా అన్నది కూడా చూడండి.

తిరిగి: బాలానగర్ క్వాలిటీ

ఈ రోజు పొద్దున్నే చూశాను. మెషిన్ దగ్గర 24.991 చూపిన షాఫ్టు, గంటసేపు సర్ఫేస్ ప్లేటు మీద ఉంచి కొలిస్తే 24.985 అయింది. కూలెంట్ ఫిల్టరు నిండా బురదే. దాన్ని ఎవరు, ఎప్పుడు శుభ్రం చేయాలన్నది మా మెయింటెనెన్స్ షీటులో ఎక్కడా లేదు. ప్రతి పదో ముక్కను కొలవాలని చెక్ షీటులో ఉంది కానీ, చల్లారాక కొలవాలని లేదు.

జవాబు: ఆడిటింగ్ అనుభవం

మీకు రెండు కారణాలూ దొరికాయి. ఫిల్టరు శుభ్రతను షీటులోకి ఎక్కించడం మొదటిదానికి, చల్లారాక కొలవాలన్న నియమం రెండోదానికి కరెక్టివ్ యాక్షన్ అవుతాయి. ఆ తరువాత కనీసం మూడు లాట్ల కొలతలు జతచేయండి, లేకపోతే చర్య ఫలించిందని ఎవరూ ఒప్పుకోరు. మిగతా గ్రైండర్లకు ఇదే లోపం రాకముందే ఈ మార్పులు చేస్తే అది ప్రివెంటివ్ యాక్షన్. ఐఎస్ఓ 9001లో 2015 నుంచి దానికి విడిగా క్లాజు లేదు, రిస్కుల గురించిన 6.1లోకి ఆ ఆలోచన చేరింది, కానీ 8డీ ఏడో అంచె ఇప్పటికీ దాన్ని అడుగుతుంది.

హార్డ్ క్రోమ్ విషయంలో తొందరపడకండి. డ్రాయింగు అడిగినదాన్ని పూర్తిగా తీర్చేలా సరిచేస్తేనే రీవర్క్. డ్రాయింగులో లేని పూత వేసి, వాడకానికి పనికొచ్చేలా చేస్తే అది రిపేర్. దానికి ముందుగా కస్టమర్ నుంచి రాతపూర్వకంగా కన్సెషన్, అంటే డ్రాయింగుకు సరిపోకపోయినా వాడుకుంటామన్న అనుమతి, తీసుకోవాలి. అది చేతికి వచ్చేదాకా ఆ 12 షాఫ్టులకు ఎర్ర ట్యాగు కట్టి, తాళం వేసిన పెట్టెలో ఉంచండి.